పాత గాలపు రీలు: ఇంటనే దాని మరమ్మతు

మా మేనమామ ఓడ కొలువులో నుండిన దినములలో ఒక విదేశపు రేవున కొని తెచ్చిన గాలపు రీలు ఒకటి మా యింట ఇనుప పెట్టెలో, పాత జంపకానముల అడుగున, చాల ఏండ్లు పడియుండెను. ఆయన కొలువు చాలించి ఇల్లు చేరిన పిమ్మట ఒకనాడు దానిని వెలికి తీయుమనెను. తీసి చూడగా పిడి కదలలేదు. బజారున చూపితిమి. దాని విడిభాగములు ఇప్పుడు రావనియు, అద్దాల బీరువాలో అలంకారముగా పెట్టుకొనుటకే అది పనికివచ్చుననియు అంగడివారు తేల్చివేసిరి. ఇట్టి మాట విని రీలును మరల పెట్టెలో వేసినవారు మా యెరుకలోనే పలువురు కలరు. కాని కదలని పాత రీలు చాలవరకు చెడిపోయిన రీలు కాదు. లోపల నున్న గ్రీజు ఏండ్ల తరబడి ఎండి, లక్క వలె గట్టిపడి, పళ్ళచక్రములను పట్టివేసియుండును. అంతమాత్రమునకే దానిని చచ్చినదానిగా లెక్క కట్టుచున్నాము. చిన్న స్క్రూడ్రైవరు, గిన్నెడు కిరసనాయిలు, ఒక సెలవుదినపు ఓపిక ఉన్నచో అది మరల తిరుగును. తిరుగుట యొకటి, చేప తగులుకొన్నప్పుడు సరిగా పనిచేయుట యొకటి. ఈ రెండింటికి నడుమ నున్న భేదము మాకు కొంత నష్టముతోనే తెలిసివచ్చినది. ఆ కథ ముందు వచ్చును.

వెదురు గడకు దారము కట్టి చెరువు గట్టున కూర్చుండువారికి రీలు అక్కరలేదు. దూరముగా ఎర విసరవలె ననుకొన్నప్పుడే రీలు కావలసివచ్చును. పూర్వపు రీళ్లలో దారము చుట్టిన కండె తానే గిరగిర తిరిగి దారమును వదలెడిది. ఎర నీటిలో పడి ఆగిన తరువాత కూడ కండె తిరుగుచునే యుండుటచే దారము చిక్కులు పడెడిది. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డు పట్టణమున బట్టల మిల్లు నడపిన ఆల్ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్ అను నాతడు 1905లో దీనికి విరుగుడుగా ఒక రీలునకు పేటెంటు పొందెను. మిల్లులో కండెనుండి నూలు పోవు తీరును మన చేనేతవారు బాగుగా ఎరుగుదురు. కండె కదలదు, నూలు దాని కొననుండి వలయములుగా జారిపోవును. ఇల్లింగ్‌వర్త్ రీలులోను కండె కదలకుండ నిలిచియుండును. విసరినప్పుడు దారము దాని అంచు మీదుగా జారిపోవును. మరల చుట్టునప్పుడు కండె చుట్టును రోటరు అను కప్పు వంటి భాగము తిరిగి దారమును చుట్టబెట్టును. తరువాతి రీళ్లలో ఆ రోటరు మీద అర్ధచంద్రాకారముగా వంచిన తీగ యొకటి యుండును. దానిని బెయిలు అందురు. అది తెరచియున్నప్పుడు దారము పోవును, మూసినప్పుడు దారమును పట్టి రోటరుతో కూడ త్రిప్పును. నేడు మనము స్పిన్నింగ్ రీలు అని పిలుచు దాని సూత్రమంతయు ఇంతే. 1938లో నైలాను లోకమునకు తెలిసి, దానినుండి నున్నని ఒంటిపోగు దారము వచ్చిన తరువాత ఈ రీలునకు ఎదురు లేకపోయినది.

మరమ్మతు చేయబూనువాడు ఈ రీళ్ల పుట్టిన యిండ్లను గూర్చి కొంత తెలిసికొనుట మంచిది. ఫ్రాన్సు దేశపు ఆల్ప్సు కొండలలో క్లూజ్ అను ఊరు కలదు. అది గడియారముల పనికి పేరు పొందినది. 1848లోనే అచట గడియారపు విద్య నేర్పు పాఠశాల వెలసినది. ఆ యూరి కార్పానో అండ్ పాన్స్ కంపెనీవారే 1939లో మిచెల్ రీలును తెచ్చిరి. తరువాత 300 అను సంఖ్యతో లోకమంతట తిరిగిన, కోడిగ్రుడ్డు ఆకారపు నల్లని రీలు అదియే. స్వీడను దేశములో స్వాంగ్‌స్టా అను ఊర 1921లో స్థాపితమైన ఏబీయూ కంపెనీ కూడ మొదట గడియారములను, టాక్సీ మీటర్లను చేసినదే. ఆ కంపెనీ పేరులోని చివరి యక్షరమునకు వారి భాషలో గడియారపు కర్మాగార మని యర్థము. కార్డినల్ అను పేరుగల వారి పాత రీళ్లను ఇప్పటికిని వాడువారు కలరు. అనగా ఈ రెండు రీళ్లును గడియారపు పనివాండ్ర చేతులలో నుండి వచ్చినవి. గడియారమును చేయువాడు అది ఒకనాడు విప్పబడునని తెలిసియే చేయును. అందుచేతనే వీటిలో అంటించిన భాగములు తక్కువ, మరలతో బిగించినవి ఎక్కువ. పళ్ళచక్రములు ఇత్తడి, కంచు, ఉక్కు లోహములతో చేసినవి. అరిగినను అవి నెమ్మదిగా అరుగును. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమున 1932లో మొదలైన పెన్ కంపెనీవారు గడియారపువారు కారు గాని, సముద్రపు ఉప్పును దృష్టిలో నుంచుకొని వారు చేసిన పాత స్పిన్నింగ్ రీళ్లకును ఈ మాటయే వర్తించును.

ఇక మా కథ. రీలు కదలకపోగా మేము తొందరపడి, మూత విప్పకయే, కనబడిన సందులన్నింటను కుట్టుమిషను నూనె పోసి ఒక రాత్రి యుంచితిమి. తెల్లవారుసరికి పిడి కదలినది. మా సంతోషమునకు మేర లేదు. ఆ వారమే మామయ్యను వెంటబెట్టుకొని కాకినాడ దాపున ఒక ఉప్పుటేటి గట్టునకు పోతిమి. మూడవ విసురునకే పండుగప్ప తగిలినది. ఆ చేపను ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. అది తగిలిన మరుక్షణమే నీటిపై కెగిరి తల విదిలించి పరుగు తీయును. అప్పుడు రీలు దారమును కొంత కొంతగా వదలవలెను. మా రీలు వదలలేదు. ఒక్క లాగునకు దారము తెగి, గాలము చేప నోటనే యుండి పోయినది. మామయ్య ఏమియు అనలేదు. ఇంటికి వచ్చు త్రోవలో మాత్రము, "లోపల చూడకుండ నూనె పోయుట ఏమిరా? జ్వరమెందుకు వచ్చెనో చూడకుండ మందు పోసినట్లున్నది" అనెను. చేప పోయినందుకు కాదు, నోట గాలముతో పోయినందుకు ఆయన బాధ. ఆ రాత్రియే రీలును విప్పి చూచితిమి. పళ్ళచక్రములలో దోషమే లేదు. దారమును వదలించు డ్రాగు అను భాగములోని మెత్తని వాషరు పాత గ్రీజుతో కలిసి అట్టముక్క వలె గట్టిపడి, ప్రక్కనున్న లోహపు బిళ్ళకు అంటుకొని యున్నది.

విప్పుటకు ముందు స్థలమును సిద్ధము చేసికొనవలెను. నేల మీద కూర్చుండి విప్పరాదు. చిన్న స్ప్రింగు ఎగిరినచో మరల దొరకదు. బల్ల మీద తెల్లని పాత పంచె పరచి, అంచులను కొంచెము పైకి మడచి, దాని మీద పని చేయుడు. అల్లిక సూదులకు, గుండీలకు ఇంట వాడు గళ్ళ డబ్బా యొకటి ప్రక్కన నుంచుకొని, తీసిన భాగమును తీసిన వరుసలో ఒక్కొక్క గడిలో వేయవలెను. చేతి ఫోనుతో ప్రతి మెట్టునను ఒక ఛాయాచిత్రము తీసినచో ఇంకను మేలు. ముఖ్యముగా చూడవలసినవి పలుచని వాషర్లు. పెద్ద పళ్ళచక్రము క్రిందను, ఇరుసు మీదను కాగితమంత పలుచని లోహపు బిళ్ళ యొకటో రెండో యుండవచ్చును. చక్రముల పళ్ళు ఒకదానితో నొకటి ఎంత లోతుగా కలియవలెనో వాటివలననే నిర్ణయమగును. గ్రీజులో అంటుకొని అవి కంటికి కనబడవు. కిరసనాయిలు గిన్నెలో జారి అడుగున చేరును. గిన్నెలోని మురికి పారబోయునప్పుడు వాటిని కూడ పారబోసి, రీలు గరగర యను చున్నదని వాపోవువారు కలరు. మేమును ఒకసారి అట్లే వాపోయితిమి. టీ వడపోయు జల్లెడ పాతది యొకటి ఈ పనికి కేటాయింపుడు. మరల వంటయింటికి మాత్రము పంపకుడు.

స్క్రూడ్రైవరు మర గాడికి నిండుగా సరిపోవలెను. పలుచనిది పెట్టి త్రిప్పినచో గాడి చెదరి, ఆ మర ఇక ఎన్నటికిని రాదు. అల్యూమినియపు డొక్కలో ఇత్తడి మరయో ఉక్కు మరయో ఉండి, ఉప్పునీరు తగిలినచో రెండు లోహముల నడుమ విద్యుచ్చర్య కలిగి తెల్లని పొడి పుట్టి మర బిగిసిపోవును. అట్టి దానికి బలము పనికిరాదు. త్రుప్పు వదలించు నూనె ఒక చుక్క వేసి రాత్రియంతయు ఉంచి, మరునాడు టంకపు కడ్డీ కొనను మర తలపై కొన్ని క్షణములు ఆనించి వేడి చేసి, చల్లారిన పిదప మెల్లగా ముందు బిగించు వైపు ఒక వెండ్రుకవాసి త్రిప్పి, అటుపై విప్పు వైపు త్రిప్పుడు. నూనె పైకి కనబడకుండ తుడిచిన తరువాతనే వేడి చేయవలె నని, కిరసనాయిలు గిన్నె ఆ గదిలోనే ఉండరాదని వేరుగ చెప్పనక్కరలేదు గదా. పిడి విప్పునప్పుడు ఇంకొక జాగ్రత్త. కొన్ని రీళ్లలో పిడి నేరుగా పళ్ళచక్రములోనికి మరగా ఎక్కును. ఎడమచేతి రీలునకును కుడిచేతి రీలునకును ఆ మర తిరుగు దిక్కు వేరుగా నుండును. మిచెల్ 300 ఎడమచేత త్రిప్పునది, 301 కుడిచేత త్రిప్పునది. రాని దానిని బలవంతపెట్టుటకు ముందు, ఎదురు దిక్కునకు త్రిప్పి చూడుడు.

భాగములన్నియు ఊడిన తరువాత లోహపు వాటిని కిరసనాయిలులో నానవేసి పాత పండ్లకుంచెతో తోముడు. గట్టిపడిన గ్రీజు మొండిదైనచో రెండవ దినము కూడ నానవలెను, చాకుతో గీకరాదు. పిడి కొసనుండు గుబ్బ, ప్లాస్టిక్కు భాగములు, మెత్తని వాషర్లు మాత్రము ఈ స్నానమునకు తగవు. వాటికి సబ్బునీరు చాలును. గోళ్ళరంగు తుడుచు ద్రావకమును దగ్గరకు రానీయకుడు. అది కొన్ని ప్లాస్టిక్కులను కరిగించును. కడిగిన వానిని నీడలో బాగుగ ఆరబెట్టి, దీపము వెలుతురున చక్రముల పళ్ళను ఒక్కొక్కటిగ చూడుడు. అంచులు కత్తివలె పదునెక్కినచో అరిగినదని అర్థము. ఒక పన్ను విరిగినచో, అదే రకపు పాడైన రీలు మరియొకటి సంపాదించి దానినుండి తీసికొనుటయే మార్గము. పాత రీళ్లను వాడువారు ఒకటి కొనునప్పుడు రెండవది కూడ తక్కువ ధరకు చూచుకొనుట ఇందులకే.

నూనె ఎచట, గ్రీజు ఎచట అను ప్రశ్నకు సమాధానము సులభము. వేగముగా తిరుగు సన్నని భాగములకు నూనె, భారము మోయు పళ్ళకు గ్రీజు. పిడి గుబ్బ, బెయిలు రెండు కొసలు, దారము ప్రాకు చిన్న రోలరు, ఇరుసు, వీటికి తలకొక చుక్క కుట్టుమిషను నూనె. పళ్ళచక్రములకు పలుచని పొరగా నీటికి కరగని గ్రీజు. పళ్ళ నడుమ నిండి పొంగునట్లు కూరరాదు. చలికి అది బిగియును, దుమ్మును పట్టును. వెనుకకు తిరుగకుండ ఆపు చిన్న మీటకు, దాని స్ప్రింగునకు గ్రీజు అసలే వలదు. గ్రీజులో చిక్కిన మీట సమయమునకు పడదు; అప్పుడు పిడి వెనుకకు గిరున తిరిగి వ్రేళ్ళ కణుపులపై కొట్టును. ఆ దెబ్బ తిన్నవారు ఈ వాక్యమును మరువరు. వంటనూనె ఎచటను వాడరాదు. అది కొన్ని నెలలకే జిగురగును. మా మామయ్య రీలులో మొదటి ఏండ్లలో ఎవరో కొబ్బరినూనె పోసిన జాడ కూడ కనబడినది. ఎవరో అడుగలేదు, ఆయనయు చెప్పలేదు.

ఇప్పుడు డ్రాగు సంగతి. మా అనుభవమున రీలునకు ప్రాణము ఇదియే గాన కొంత నిదానింతుము. మిచెల్ వంటి రీళ్లలో ఇది కండె లోపలనే యుండును. కండె ముందు నుండు గుండ్రని మరను విప్పి, తీగ కట్టును తీసినచో, కొన్ని బిళ్ళలు ఒకదానిపై నొకటి పేర్చియుండుట కనబడును. ఒక లోహపు బిళ్ళకు అంచున చెవులుండి కండెను పట్టుకొనును. మరియొకదాని నడిమి రంధ్రము ఇరుసును పట్టుకొనును. వీటి నడుమ మెత్తని వాషర్లు. మరను బిగించినకొలది ఇవి ఒకదానినొకటి అదుముకొని కండె తిరుగుట కష్టమగును, సడలించినచో సులభమగును. కదలకుండ నిలుచునదని మేము మొదట చెప్పిన కండె, చేప లాగినప్పుడు మాత్రము ఇట్లు తిరిగి దారమును వదలును. సైకిలు బ్రేకు కట్టెలకును దీనికిని భేదము లేదు. అయితే ఒక రహస్యము కలదు. నిలిచియున్న దానిని కదలించుటకు కావలసిన బలము, కదలుచున్న దానిని నడపుటకు కావలసిన బలముకంటె ఎక్కువ. మంచి డ్రాగులో ఈ రెండింటికి భేదము స్వల్పము. వాషరు గట్టిపడిన డ్రాగులో మొదటి కదలికకే మిక్కిలి బలము కావలయును. ఆ బలము చేరులోపలనే దారము తెగును. మా పండుగప్ప పోయినది ఈ భేదములోనే.

కాబట్టి లోహపు బిళ్ళలను చదునైన అద్దపు పలకపై సన్నని ఉప్పుకాగితము పరచి, దానిపై గుండ్రముగా రుద్ది నున్నచేయుడు. ఉన్ని వాషరు ఇంకను మెత్తగా నున్నచో కడిగి ఆరబెట్టి, తగుమాత్రము నూనె పట్టించి వాడవచ్చును. గట్టిపడినచో పారవేయుడు. నేడు కార్బను పోగులతో నేసిన వాషరు పలకలు దొరకుచున్నవి. పెన్ కంపెనీవారు హెచ్‌టీ-100 అను పేర అట్టివే వాడుచు వచ్చిరి. పాత వాషరును కొలతగా పెట్టి గీచి, పదునైన చాకుతో కోయవచ్చును. మందము మాత్రము పాతదానికి సమానముగ నుండవలెను. ఎక్కువైనచో పై తీగ కట్టు కూర్చుండదు. కోయునప్పుడు లేచు సన్నని ధూళిని పీల్చకుండ ముక్కునకు గుడ్డ కట్టుకొనుడు. వరుస తప్పకుండ మరల పేర్చుడు.

పేర్చిన పిదప పరీక్ష. దారపు కొనను తూనిక స్ప్రింగుకు కట్టి మెల్లగా లాగుడు. దారము ఓర్చు బరువులో నాలుగవ వంతునుండి మూడవ వంతు లోపల కండె కదలవలెను. నాలుగు కిలోల దారమైనచో కిలోనుండి కిలో మూడువందల గ్రాముల వరకు. ముల్లు ఒకచోట నిలకడగా నిలిచినచో డ్రాగు మంచిది. ఎగిరెగిరి పడుచున్నచో బిళ్ళలను మరల చూడవలెను. ఇంత జాగ్రత్త ఏల యనగా, చేప దారమును లాగికొని పోవుకొలది కండె మీది చుట్టలు తరిగి వ్యాసము తగ్గును. వ్యాసము సగమైనప్పుడు, మరను మనము ముట్టకపోయినను, దారముపై పడు లాగుడు రెండింతలగును. మొదటనే బిగించినవానికి చివర మిగులునది తెగిన కొనయే. రీలును తిరిగి పెట్టెలో పెట్టునప్పుడు ఈ మరను పూర్తిగా సడలించి పెట్టవలెను. అదిమి యుంచిన మెత్తని వాషరు మరల కోలుకొనదు.

డ్రాగు తరువాత ఎక్కువగా చెడునది బెయిలు స్ప్రింగు. ప్రతి విసురునకు ఒకసారి తెరచుకొని మూసికొనుటచే అది అలసి ఒకనాడు విరుగును. ఆ రకపు స్ప్రింగు బజారున దొరకినచో మేలు, దొరకనిచో చేసికొనవచ్చును. పియానో తీగ యని వర్తకులు పిలుచు ఉక్కు తీగ కావలెను. విరిగినదాని మందమును మైక్రోమీటరుతో కొలిచి అదే మందము తీగ తెచ్చుకొనుడు. చుట్టలెన్నియో, ఏ దిక్కునకు తిరిగినవో, రెండు కొసలు ఎట్లు వంగినవో కాగితముపై గీచుకొనుడు. చుట్టుటకు కడ్డీ కావలెను గాని, దాని మందము పాత స్ప్రింగు లోపలి వ్యాసముకంటె కొంచెము తక్కువగ నుండవలెను. ఉక్కు తీగ వదలినంతనే కొంత విచ్చుకొనును గనుక. తీగను నిప్పులో కాల్చరాదు. కాల్చినచో మెత్తబడి స్ప్రింగు గుణమే పోవును. చల్లని తీగనే చుట్టవలెను. చుట్టునప్పుడు కండ్లకు అద్దములు పెట్టుకొనుడు, జారిన తీగ కొన కంటికి ప్రమాదము. మేము మొదట చుట్టినది దిక్కు తప్పినది, రెండవది పొట్టిది, మూడవది పని చేసినది. ఇది చేయలేమనువారు పాత గడియారములను బాగుచేయు పనివాని యొద్దకు పోయినచో ఆయన నవ్వుచునే చేసిపెట్టును. ఇది ఆయన కులవిద్యకు చేరువ గదా. స్ప్రింగు ఆయుస్సు పెరుగవలె నన్నచో, ఎర నీట పడిన తరువాత పిడి త్రిప్పి బెయిలును మూయుటకు బదులు చేతితో మూయుడు. దారమును కూడ ఒకసారి వ్రేళ్ళతో లాగి చూచినచో వదులు చుట్ట పడదు.

మన సదుపాయమునకు రీలును మార్చుకొనుట ఒక సరదా. దానికిని హద్దులు కలవు. గుబ్బను పెద్దదిగా మార్చుకొనుట నిరపాయము. టేకు ముక్కను లేతుపై తిరుగబట్టించి పెట్టుకొన్నవారు కలరు, తడిచేతికి అది జారదు. రోటరును మోయు కంచు బుషింగు స్థానమున అదే కొలత బాల్ బేరింగు పెట్టినచో మంచినీటి రీలు ఇంకను తేలికగా తిరుగును. చెరువులలో కొర్రమీనుకు కప్ప ఆకారపు ఎర విసరువారు రోజుకు వందలమారులు త్రిప్పవలసి యుండును గాన వారికి ఇది సుఖమే. సముద్రమునకు పోవు రీలులో మాత్రము మేము దీనిని మెచ్చము. మామూలు ఉక్కు బేరింగు ఉప్పునకు త్రుప్పు పట్టి పట్టివేయును. కంచు బుషింగు నెమ్మదిగా అరుగునే గాని పట్టివేయదు. బెయిలు తీగను పూర్తిగా తీసివేసి, రోలరును మాత్రముంచి, దారమును వ్రేలితో రోలరుపై కెత్తికొను పద్ధతి సముద్రపుటొడ్డున విసరువారిలో కలదు. స్ప్రింగు బెడద అంతటితో తీరును. కాని ఒక ప్రక్క బరువు తగ్గిన రోటరు తిరుగునప్పుడు వణకును. ఆ ప్రక్క సరిపడు సీసపు బరువు అంటించి సరిచేయవలెను. రంగు గీకి తళతళలాడునట్లు మెరుగు పెట్టుట మాత్రము మాకు నచ్చదు. ఆ రంగే అల్యూమినియమును ఉప్పునుండి కాపాడుచున్నది. ఏ మార్పు చేసినను తీసిన పాత భాగమును కవరులో వేసి, పేరు వ్రాసి, రీలుతోనే యుంచుడు.

దారము ఎక్కించుటలో రెండు మాటలు. కండె అంచునకు రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువగ నింపవలెను. ఇంకను తగ్గినచో దారము అంచునకు రాచుకొని దూరము పోదు. అంచు వరకు నింపినచో చుట్టలు గుంపుగా ఊడిపడును. నేటి అల్లిక దారములను పాత కండెపై నేరుగా చుట్టరాదు. నున్నని కండెపై అవి పట్టు లేక మొత్తముగా జారును. అడుగున కొంత నైలాను చుట్టి దానిపై ఎక్కింపుడు. ఇక మెలికల సంగతి. చేప దారమును లాగుచు డ్రాగు జారుచుండగా పిడి త్రిప్పువారు కలరు. అప్పుడు దారము చుట్టబడదు. రోటరు తిరిగిన ప్రతి చుట్టునకు ఒక మెలిక మాత్రము పడును. పిడి ఒక్కసారి తిరిగినచో రోటరు నాలుగు చుట్లు తిరుగు రీలులో పది త్రిప్పులకు నలువది మెలికలు. చేప లాగుచుండగా త్రిప్పవలదు, అది ఆగినప్పుడు త్రిప్పుడు.

ఉప్పునీటినుండి వచ్చిన రోజే రీలునకు మంచినీటి స్నానము చేయింపవలెను. గొట్టముతో జోరుగా కొట్టినచో ఉప్పు లోపలికే పోవును. డ్రాగు మరను బిగించి, చెంబుతో మెల్లగా పోసి, గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, మరను సడలించి పెట్టుడు. ఏడాదికి ఒకసారి మూత విప్పి చూచినచో చాలును. విప్పిన తేదీని చిన్న చీటిపై వ్రాసి పెట్టెలో నుంచు అలవాటు మా యింట అప్పటినుండి ఏర్పడినది.

రీలు సిద్ధమైన సాయంకాలము దానిని మామయ్య చేతికిచ్చితిమి. ఆయన పిడి త్రిప్పలేదు. ముందు దారపు కొనను పట్టుకొని, రీలును చెవి దగ్గర పెట్టుకొని, మెల్లగా ఒక బారెడు లాగెను. కండె సన్నని చప్పుడుతో దారమును వదలినది. మరల లాగెను. "ఇప్పుడు వదులుతున్నది" అనెను. తరువాత వేలి కొసతో బెయిలు రోలరును తడవి చూచి, కండ్లజోడు తెమ్మనెను. "దీనిలో గాడి పడిందిరా, చూశావా? తిరగడం లేదు. దారం ఇక్కడ కోసుకుంటుంది" అని మాకు చూపించెను. అంత పని చేసి, ఆ చిన్న రోలరునకు ఒక చుక్క నూనె వేయుట మేము మరచితిమి. అది తిరుగక నిలిచియుండగా పాత దారము రాచి రాచి దానిపై గీత పడియున్నది. మరునాడు రోలరును తీసి, ఉప్పుకాగితముతో గీతను చదును చేసి, నూనె వేసి, మరల బిగించితిమి. ఆయన ఆ రెండవ దినమున పిడి త్రిప్పెను.